సుత్తులకీ ఓ దిండు కావాలి

'సుత్తి' అనగానే మీకేం గుర్తొస్తుంది? మేకులు కొట్టే సుత్తి కాదు, గంటలకొద్దీ బుర్ర తినే సుత్తే కదా! 1982లో జంధ్యాల తీసిన 'నాలుగు స్తంభాలాట' పుణ్యమా అని ఆ మాట మన నోళ్లలో స్థిరపడిపోయింది. ఇద్దరు నటులకి ఏకంగా ఇంటిపేరే అయిపోయింది. ఈ వారం నేనూ సుత్తే చెప్పబోతున్నా. ఒకటి కాదు, 85 సుత్తులు. అన్నీ అమలాపురంలో మా పెద్దమ్మ వాళ్ల హాల్లో ఒకే చెక్కపెట్టెలో ఉన్నాయి.

అదే, పియానో.

ఈ కాలమ్‌లో ఇప్పటిదాకా మిక్సీ విప్పాం, ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పాం, ప్రెషర్ కుక్కర్ విజిల్ కూడా విప్పాం. పియానో విప్పుతానని నేనెప్పుడూ అనుకోలేదు. అసలు కోనసీమలో పియానో ఏంటని మీకు డౌటు రావచ్చు. హార్మోనియం అంటే సరే, పద్య నాటకాల సీమ కాబట్టి ఊరికొకటి దొరుకుతుంది. పియానో మాత్రం మనకి పాత సినిమాల్లోనే కనిపిస్తుంది. సాలూరి రాజేశ్వరరావు గారి బాణీకి హీరో సూటు వేసుకుని, పియానో ముందు కూర్చుని, హీరోయిన్‌ని ఓరగా చూస్తూ పాడతాడే, అక్కడన్నమాట.

మా పెద్దమ్మ పెరిగింది ఖరగ్‌పూర్‌లో. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల నుంచి అక్కడికి మనవాళ్లు పొట్ట చేతపట్టుకుని వెళ్లారు. ఇప్పటికీ ఆ ఊళ్లో తెలుగు వినబడుతుంది. మా తాతయ్య రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. పక్క క్వార్టర్స్‌లో ఒక ఆంగ్లో ఇండియన్ టీచరమ్మ పిల్లలకి పియానో నేర్పేది. పెద్దమ్మ, మా అమ్మ ఇద్దరూ వెళ్లారు. మా అమ్మ రెండో రోజుకే పారిపోయిందట. పెద్దమ్మ మాత్రం తొమ్మిదేళ్లు నేర్చుకుంది. ఆ టీచరమ్మ కుటుంబం ఆస్ట్రేలియా వెళ్లిపోతూ, తన పాత పియానోని తాతయ్యకి చవకగా ఇచ్చేసింది. గోడకి ఆనించి నిలబెట్టే రకం. అప్‌రైట్ పియానో అంటారు. పాత కాలంది కాబట్టి 88 కాకుండా 85 మీటలే ఉంటాయి. కింద రెండు పెడల్స్.

పెద్దమ్మకి అమలాపురం సంబంధం కుదిరింది. సారెతో పాటు పియానో కూడా బయల్దేరింది. కాకినాడ దాకా రైల్లో, అక్కడి నుంచి కోటిపల్లి రేవుకి లారీలో, రేవులో పంటు మీద గోదావరి దాటి ముక్తేశ్వరం, మళ్లీ లారీలో అమలాపురం. రెండు వందల కిలోల పైమాటే. దించడానికి ఎనిమిది మంది పట్టారట. సారెలో వచ్చిన లడ్డూలు వీధంతా పంచారు. దీన్ని పంచడం కుదరక హాల్లో పెట్టేశారు.

1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి కోనసీమలో ఎవరినడిగినా చెబుతారు. కొబ్బరి చెట్లు అగ్గిపుల్లల్లా విరిగిపోయిన రాత్రి అది. పెద్దమ్మ వాళ్లింటి పెంకులు సగం ఎగిరిపోయాయి. మా పెద్దనాన్న రెండు పరుపులు తెచ్చి పియానో మీద వేసి, పైన టార్పాలిన్ కప్పి, అది ఎగిరిపోకుండా తెల్లారేదాకా పట్టుకుని కూర్చున్నారట. ఆయనకి సంగీతం ఒక్క ముక్క రాదు. "మనుషుల్ని వదిలేసి చెక్కపెట్టెని పట్టుకుంటావేంట్రా" అని వాళ్లమ్మ తిట్టిన తిట్లు మా ఇళ్లలో ఇప్పటికీ జోకు.

ఆ పెద్దనాన్నకి రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. మాట కూడా తడబడుతుంది. మంచం హాల్లోకి మార్చారు. పగలంతా మందులు, ఫిజియోథెరపీ, వచ్చేపోయే వాళ్లు. పెద్దమ్మకి తనకంటూ మిగిలేది రాత్రి తొమ్మిది తర్వాత ఒక్క గంట. ఆయన కళ్లు మూసుకున్నాక ఎడమ పెడల్ తొక్కిపెట్టి, చాలా మెల్లగా వాయించుకునేది.

వినాయక చవితికి నేను వెళ్లేసరికి పియానో మీద బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

"వాయించట్లేదా పెద్దమ్మా?"

"నాలుగు నెలలైందిరా. మెల్లగా వాయిద్దామంటే అవట్లేదు. పెడల్ తొక్కినా ఒకటే, తొక్కకపోయినా ఒకటే. పైగా లోపల్నుంచి టకటకా చప్పుడు. మీ పెద్దనాన్న ఉలిక్కిపడి లేస్తున్నారు. ఎందుకొచ్చిన గొడవ?"

అప్పుడు అసలు సంగతి బయటపడింది. డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య ఫోన్లో బేరం మాట్లాడేశాడు. దిండి వైపు ఒక రిసార్ట్ వాళ్లకి పియానో కావాలట. వాయించడానికి కాదు. రిసెప్షన్‌లో పెట్టి, మీద పూలకుండీ పెడితే, వచ్చినవాళ్లు సెల్ఫీలు దిగుతారు. వచ్చే ఆదివారం లారీ వస్తుంది.

"ఇచ్చేద్దాంలేరా. మోగనిది ఇక్కడుంటే ఏంటి, అక్కడుంటే ఏంటి" అంది పెద్దమ్మ. అంటూనే మూత మీద దుమ్ము పైట చెంగుతో తుడిచింది.

నా చేతిలో ఆరు రోజులున్నాయి. చెన్నైలో పియానోలు ట్యూన్ చేసే ఒకాయన నంబరు ఫ్రెండ్ ద్వారా దొరికింది. అమలాపురం రావడానికి ఆయనకి నెల పడుతుంది. "వీడియో కాల్ చెయ్యండి, చూద్దాం" అన్నారు. ఫోన్‌ని కొబ్బరికాయకి ఆనించి నిలబెట్టి, ముందు పలక తీశాను.

ఇప్పుడు కొంచెం లోపలికి వెళ్దాం. భయపడకండి, సింపులే.

మీరు మీట ముందువైపు నొక్కితే దాని వెనకభాగం పైకి లేస్తుంది, రేవులో ఏతాంలా. అది పైనున్న ఒక చెక్క లివర్‌ని ఎత్తుతుంది. ఆ లివర్ మీద 'జాక్' అనే చిన్న ముక్క నిలబడి ఉంటుంది. అది సుత్తి అడుగుభాగాన్ని తోస్తుంది. సుత్తి ముందుకి ఊగి తీగని కొడుతుంది. సుత్తి తల మీద గట్టిగా అదిమిన ఉన్ని ఉంటుంది. దాన్నే ఫెల్ట్ అంటారు.

అసలు తెలివి ఇక్కడుంది. సుత్తి ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లలో తీగని తాకుతుందనగా జాక్ పక్కకి తప్పుకుంటుంది. ఆ చివరి కాస్త దూరం సుత్తి ఎవరి సాయం లేకుండా తన ఊపుతోనే వెళ్తుంది. క్యారమ్స్‌లో స్ట్రైకర్‌ని వేలితో కొట్టి వదిలేస్తాం చూడండి, అలా. అలా వదలకపోతే సుత్తి తీగకి అతుక్కుపోయి మోత అక్కడే చచ్చిపోతుంది.

కొట్టిన సుత్తి వెనక్కి రావాలి కదా. మీట వదిలాక వచ్చి ఎక్కడ ఆగుతుంది? అన్ని సుత్తుల కాడల వెనకా, ఆ చివర నుంచి ఈ చివరకి ఒకే పొడవాటి చెక్క పట్టీ ఉంటుంది. దాని మీద మెత్తటి ఫెల్ట్ అతికించి ఉంటుంది. కాడలన్నీ దానికి ఆనుకుని వరసగా నిలబడతాయి. స్కూల్లో మాస్టారు రానప్పుడు పిల్లలు గోడకి ఆనుకుని నిలబడినట్టు. దీని పేరు హామర్ రెస్ట్ రైల్. మన భాషలో చెప్పాలంటే సుత్తులకి దిండు.

చూడ్డానికి ఏ పనీ చెయ్యని ఈ దిండు మూడు పనులు చేస్తుంది.

ఒకటి, అన్ని సుత్తులూ ఒకే గీత మీద నుంచి బయల్దేరేలా చూస్తుంది. మామూలుగా సుత్తికీ తీగకీ మధ్య దాదాపు 45 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒకటి దగ్గర నుంచి, ఒకటి దూరం నుంచి బయల్దేరితే వేలికి ఒక్కో మీట ఒక్కోలా తగులుతుంది.

రెండు, తిరిగొచ్చే సుత్తి చప్పుడు కాకుండా పడాలి. అందుకే ఫెల్ట్.

మూడోది మా పెద్దమ్మకి కావాల్సింది. ఈ పట్టీ కదలకుండా బిగించి ఉండదు. మడతబందు మీద తలుపులా ముందుకి కదులుతుంది. ఎడమ పెడల్ తొక్కితే కింద నుంచి ఒక చెక్క కడ్డీ లేచి దీన్ని తోస్తుంది. సుత్తులన్నీ కట్టకట్టుకుని సుమారు సగం దూరం తీగల దగ్గరికి జరుగుతాయి. పరిగెత్తడానికి చోటు తగ్గితే వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే దెబ్బ తగ్గుతుంది. క్రికెట్‌లో బ్యాట్ వెనక్కి పూర్తిగా ఎత్తి కొడితే బంతి కొబ్బరితోట దాటుతుంది, కాస్తే ఎత్తి అడ్డం పెడితే కాళ్ల దగ్గరే పడుతుంది. లెక్క అదే.

దీనికో చిన్న ఇబ్బంది ఉంది. పెడల్ తొక్కినప్పుడు సుత్తి ముందుకి జరుగుతుంది గానీ జాక్ ఉన్నచోటే ఉంటుంది. మధ్యలో ఖాళీ వస్తుంది. అందుకే అప్‌రైట్‌లో ఈ పెడల్ తొక్కి వాయిస్తే మీట మొదట్లో కాస్త వదులుగా తగులుతుంది. సినిమాల్లో కనిపించే, రెక్కలా మూత ఎత్తిపెట్టే గ్రాండ్ పియానోలో పద్ధతి వేరు. అందులో ఎడమ పెడల్ తొక్కితే మీటలు, సుత్తులు మొత్తం పక్కకి జరిగి, మూడేసి తీగలున్న చోట సుత్తి రెండిటినే కొడుతుంది. అక్కడ కూడా రెస్ట్ రైల్ ఉంటుంది గానీ, సుత్తులు దాని మీద పడుకోవు. కాడలు దానికి కాస్త ఎడంగా ఉంటాయి. ఎగిరి వెనక్కొచ్చిన దెబ్బని ఆపడానికే అది. అప్‌రైట్‌లో ఆనుకుని ఉండాలి, గ్రాండ్‌లో ఆనకూడదు. ఒకే పేరు, రెండు ఉద్యోగాలు.

ఇంతకీ మన కేసులో ఏమైంది? పైనున్న మరలు విప్పి, సుత్తుల చట్రం మొత్తం నేనూ, పక్కింటి కుర్రాడూ జాగ్రత్తగా ఎత్తి డైనింగ్ టేబుల్ మీద పెట్టాం. చూస్తే పట్టీ మీది ఫెల్ట్‌ని మధ్యలో ఉన్ని పురుగు తినేసింది. జానెడు జానెడు మేర చెక్క కనిపిస్తోంది. అక్కడ సుత్తి తిరిగొచ్చినప్పుడల్లా చెక్క మీద చెక్క పడుతోంది. టకటకలు అవే. సుత్తి మరీ వెనక్కి వాలిపోవడంతో జాక్ దాని కిందికి సరిగ్గా దూరలేక, ఒకే మీటని వెంటవెంటనే కొడితే రెండోసారి పలకడం లేదు కూడా.

పెడల్ సంగతి ఇంకా చిన్నది. కడ్డీ పైకొసన ఉండే తోలుముక్క పొడిపొడి అయిపోయింది. కింద నట్టు వదులైపోయింది. పెద్దమ్మ ఎంత తొక్కినా కడ్డీ పట్టీని అందుకోవడమే లేదు.

"ఇంతేనా" అనుకున్నా. అక్కడే బోల్తా పడ్డా.

అమలాపురంలో హార్మోనియంలు బాగుచేసే ఒక పెద్దాయన ఉన్నారు. "పియానోకా అండీ? ఆయ్, ఫెల్ట్ ఉందండి, పట్టుకెళ్లండి" అని మంచి మందపాటి ముక్క ఇచ్చారు. మెత్తగా ఉంటే ఇంకా మంచిదేగా అనుకుని పాతది గీకేసి, ఈ మందం ముక్క అతికించి, చట్రం ఎక్కించేశా. టకటకలు పోయాయి. పెద్దమ్మని పిలిచా. నాలుగు మీటలు నొక్కి మొహం చిట్లించింది.

"ఇదేంట్రా, పెడల్ తొక్కకుండానే తొక్కినట్టుంది. మీటలన్నీ వదులైపోయాయి."

వీడియో కాల్లో చెన్నై ఆయన నవ్వారు. దిండు ఎత్తు పెరిగితే తల ముందుకి వస్తుంది కదా. మందపాటి ఫెల్ట్ వల్ల సుత్తులన్నీ ఎప్పుడూ ముందుకే జరిగి ఉన్నాయి. జాక్‌కీ సుత్తికీ మధ్య ఖాళీ పర్మినెంట్ అయిపోయింది. నా అతితెలివితో పెడల్‌ని సగం తొక్కేసి అతికించానన్నమాట.

"పాత ఫెల్ట్ పురుగు ముట్టని చోట ఎంత మందం ఉందో కొలిచారా?" అనడిగారు. కొలవలేదు. గీకి పారేశాను కూడా! పక్కింటి కుర్రాడు చెత్తబుట్టలో వెతికి, కుడివైపు చివరి ముక్కని పట్టుకొచ్చాడు. ఆ చివరి మీటల్ని పెద్దమ్మ పెద్దగా వాడేది కాదు కాబట్టి అక్కడ అణిగిపోలేదు, పురుగూ ముట్టలేదు. స్కేలు పెట్టి చూస్తే 4 మిల్లీమీటర్లు. నేను అతికించింది 7.

మళ్లీ విప్పి, మళ్లీ గీకాం. హార్మోనియం పెద్దాయన దగ్గరే 4 మిల్లీమీటర్ల ఫెల్ట్ దొరికింది. ఈసారి ఆయనే వచ్చి, అంచు తిన్నగా కోసి, సన్నగా జిగురు రాసి అతికించారు. డబ్బులిస్తుంటే "పియానో లోపల ఎప్పుడూ చూళ్లేదండి, చూపించారు కదా, చాలు" అన్నారు. కడ్డీ కొసకి పాత చెప్పు తోలుముక్క కోసి పెట్టాం. నట్టు బిగించాం. శుక్రవారం సాయంత్రానికి పనైపోయింది.

మీ ఇంట్లో పియానో లేదు, నాకు తెలుసు. కానీ కీబోర్డ్ ఉండొచ్చు. 'హామర్ యాక్షన్' అని రాసి ఉండే డిజిటల్ పియానోలో నిజంగానే చిన్న సుత్తుల్లాంటి బరువులుంటాయి. తీగలుండవు. వేలికి బరువు తెలియడానికే అవి. అవి కూడా ఒక ఫెల్ట్ పట్టీ మీదే పడతాయి. కొన్నేళ్లు వాడాక మీటలు టకటకలాడుతున్నాయంటే ఆ పట్టీ అరిగిపోయిందేమో చూపించుకోండి. ఇక ఫోన్లో పియానో యాప్ ఉందే, అందులో వేలు గాజుని తాకుతుంది, అంతే. సుత్తీ లేదు, దిండూ లేదు, పురుగు తినడానికి ఉన్నీ లేదు. వాల్యూమ్ తగ్గించుకుంటే సరిపోతుంది.

ఒకవేళ మీ చుట్టాలింట్లో నిజం పియానో ఉంటే రెండు మాటలు. మీట బిగుసుకుందని లోపల కొబ్బరినూనె మాత్రం వెయ్యకండి. కీళ్లలో ఉన్నిగుడ్డ ఉంటుంది, అది నూనె పీల్చుకుని ఇంకా పట్టేస్తుంది. మన గోదావరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి గోడకి, ముఖ్యంగా చెమ్మ దిగే గోడకి ఆనించి పెట్టకండి. జానెడు ఎడం ఉంచండి. మూడోది కూడా చెప్పేస్తా. ఏది పీకినా, పారేసే ముందు కొలవండి. ఇది పియానోకే కాదు.

ఇంకో చిన్న ముచ్చట. పియానో అంటే ఇటాలియన్ భాషలో 'మెల్లగా' అని. పూర్తి పేరు పియానోఫోర్తే, అంటే మెల్లగా, గట్టిగా. అంతకుముందున్న హార్ప్‌సికార్డ్‌లో తీగని మీటే పద్ధతి. వేలితో ఎంత గట్టిగా నొక్కినా మోత దాదాపు ఒక్కలాగే ఉండేది. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో బార్తొలొమెయో క్రిస్తోఫోరి అనే ఆయన మీటే బదులు సుత్తితో కొట్టే వాయిద్యం తయారుచేశాడు. అలా వేలి బరువుని బట్టి మోత మారింది. ఆయన చేసిన వాటిలో మూడు ఇప్పటికీ ఉన్నాయి. 1720 నాటిది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. అంటే మెల్లగా మోగడం చేతకాని పియానో పేరుకే పియానో. మా పెద్దమ్మ నాలుగు నెలలు మూత పెట్టేయడంలో తప్పేం లేదు.

శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నరకి పెద్దనాన్న కళ్లు మూసుకున్నారు. పెద్దమ్మ లైటు తీసేసి, ఎడమ పెడల్ తొక్కింది. లోపల 85 సుత్తులు ఒక్కసారి ముందుకి జరిగిన చప్పుడు, చీర కుచ్చిళ్లు సర్దుకున్నంత మెత్తగా వినిపించింది. పావుగంట వాయించింది. తర్వాత వేళ్లు నొప్పెట్టాయో, ఆయన కదిలారనుకుందో మరి, మధ్యలో ఆపేసి వెళ్లి పడుకుంది.

పొద్దున కాఫీ తాగిస్తుంటే పెద్దనాన్న ఏదో అనడానికి ప్రయత్నించారు. రెండుసార్లు అడిగితే గానీ అర్థం కాలేదు.

"రాత్రి... మధ్యలో... ఆపేశావేం?"

పెద్దమ్మ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయింది. "మీరు పడుకున్నారనుకున్నానండీ" అంది.

ఆయన తల అడ్డంగా ఊపారు. ఎడమచేతిని మంచం పట్టీ మీద పెట్టి, వేలితో టక్ టక్ అని రెండుసార్లు కొట్టి, మళ్లీ తల అడ్డంగా ఊపారు. ఆ టకటకలు ఇప్పుడు లేవని చెప్పడం అది. ఇన్నాళ్లూ ఆయన్ని లేపింది పాట కాదు, ఆ చెక్క చప్పుడు. పాట వినడానికైతే ఆయన రోజూ మేలుకునే ఉండేవారట.

మా అన్నయ్యకి నేనే ఫోన్ చేశా. లారీ వద్దని చెప్పమన్నాను. రిసార్ట్ వాళ్లు ఏమంటారోనని కాస్త నసిగాడు. "పోనీ వాళ్లకి ఏదైనా మోగని పియానో చూడు" అన్నా.

మొన్న పెద్దమ్మ వాట్సాప్‌లో ఒక వాయిస్ మెసేజ్ పంపింది. రెండు నిమిషాలు పియానో, చాలా మెల్లగా. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నా. చివర్లో పెద్దనాన్న దగ్గు, దాని వెనకే ఒక మాట. "గట్టిగా" అన్నారో "మళ్లీ" అన్నారో తెలియలేదు. అడిగితే పెద్దమ్మ చెప్పలేదు.